జీపు వాసన చూసే ఉద్యోగం

కొత్తగా మట్టి సర్వేలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. మట్టి గురించి అడుగుతారేమోనని నేను సిద్ధంగా కూర్చుంటాను. వాళ్లు ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి అడుగుతారు. ఆ రెండింటిలోనూ నాకు చెప్పుకోదగ్గ తెలివి లేదు. ఉద్యోగమంతా చేసి నేను గట్టిగా నేర్చుకున్నది ఒకటే. సాయంత్రం క్యాంపులో జీపు ఆగాక, వెనక తలుపు తీసి, తల లోపలికి పెట్టి, వాసన చూడటం. నవ్వితే నవ్వండి. నా దగ్గర పనిచేసిన డ్రైవర్లందరూ నవ్వారు. ఎలుగుబంట్లు తిరిగే గుట్టల కింద బండి పెట్టుకుని పడుకోవలసిన వాళ్లకు మాత్రం మట్టి శాస్త్రం కంటే ముందు ఇదే పనికొస్తుంది. అది నేను ఎలా నేర్చుకున్నానో రాస్తున్నాను.

నోరు లేని దరఖాస్తు

డెబ్భైల మొదట్లో రాయచూరులో మట్టి పరీక్షల ల్యాబులో చేరాను. తుంగభద్ర ఎడమ కాలువ కింద నేలలు కొత్తగా తడుస్తున్న కాలం. మొన్నటిదాకా జొన్న పండిన నల్లరేగడిలో వరి నాటుతున్నారు. కొన్ని పంటలు తిరిగేసరికి అక్కడక్కడా చౌడు తెల్లగా పైకి తేలుతోంది. ఏ నేల నీటికి తట్టుకుంటుంది, ఏది చెడుతుంది అని చూడటానికి మా వాళ్లు గుడారాలు వేసుకుని పొలాల వెంట తిరిగేవారు. ఆడవాళ్లను పంపేవారు కాదు. నాకిచ్చిన పని సీసాలు కడగడం, మగవాళ్లు తెచ్చిన మట్టిని జల్లెడ పట్టడం.

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి జవళగేర దగ్గర వరి చేస్తున్న రైతు. చౌడు తేలిన మడికి బండ్లమీద పుట్టమన్ను తోలించి చల్లేవాడు. అలా చేస్తే నేల గుల్లబారి పైరు నిలుస్తుందని మా వాళ్లందరి నమ్మకం. అది నిజమో కాదో తేల్చాలని నాకు కాలేజీలో ఉన్నప్పటి నుంచీ కోరిక. తేల్చాలంటే పొలానికి వెళ్లాలి. వెళ్లాలంటే అడగాలి. నేను అడగగల మనిషిని కాదు. హాస్టల్లో పప్పులో ఉప్పు లేకపోతే ఆ సంగతి డైరీలో రాసుకుని తినేసేదాన్ని.

అందుకని మా పై అధికారి పాటీల్ గారికి ఉత్తరం రాశాను. ఆయన గది నా బల్లకు ఎదురుగానే ఉండేది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. అయినా ఉత్తరాన్ని కవరులో పెట్టి, అతికించి, ప్యూనుతో పంపాను. ఆయన చదివి, తల ఎత్తి, ఆ తెరిచిన తలుపులోంచే నన్ను చూశారు. "ఏనమ్మా, నోరు ఊళ్లో పెట్టి వచ్చావా?" అన్నారు. ఆయనది ధార్వాడ. మాతో కన్నడంలోనే మాట్లాడేవారు. ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను.

అయినా ఒక్క సీజనుకు ఒప్పుకున్నారు. పుట్టమన్ను నమూనాలు కూడా తీసుకోమన్నారు. ఒక షరతు పెట్టారు. "జీపుకు గానీ నీకు గానీ ఏమైనా అయిందంటే క్యాంపు ఎత్తేస్తాను. మళ్లీ సీసాల దగ్గరికే." జీపును ముందు చెప్పారు, నన్ను తరవాత చెప్పారు. ఆ వరస గమనించి డైరీలో రాసుకున్నాను. ఎదురు మాత్రం చెప్పలేదు.

సున్నుండల డబ్బా

క్యాంపు మస్కి దాటాక, పిల్లకాలువ ఒకటి గుట్టల అంచు పట్టుకుని పోయే చోట. ఒక పక్క పచ్చటి వరి, ఇంకో పక్క ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్లు. మేము ముగ్గురం. నేను, మా నాన్న కంటే పెద్దవాడైన రాయచూరు డ్రైవరు ఖాసిం సాబ్, వంటకూ నాకు తోడుకూ వచ్చిన నర్సమ్మ. ఆమెది రాష్ట్ర సరిహద్దులోని తెలుగు పల్లె. నర్సమ్మ నా గుడారంలోనే పడుకుంటుందని చెప్పాకే మా అమ్మ నన్ను గడప దాటనిచ్చింది. మట్టి తవ్వడానికి కూలీలు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారు.

మొదటి రోజే నర్సమ్మ గుట్టకేసి చెయ్యి చూపి, అక్కడ గుడ్డెలుగులున్నయి అంది. నేను పుస్తకాల్లో చదివిన ఎలుగుబంటిని తలుచుకుని ముచ్చటపడ్డాను. అంతలో గొర్రెలు తోలుకుంటూ ఒకతను పోయాడు. అతనికి ఒక కన్ను, ఆ పక్క చెంప లేవు. అది దాని పనే అని నర్సమ్మ చెప్పింది. నా ముచ్చట అక్కడితో ఆగింది.

నాకు ఇంకో జబ్బు ఉండేది. పరాయి మగవాళ్ల ముందు తినలేకపోయేదాన్ని. ఖాసిం సాబ్ పొయ్యి దగ్గర కూర్చుంటే ముద్ద నోట్లోకి వెళ్లేది కాదు. అందుకని పళ్లెం పట్టుకుని జీపు వెనక సీట్లోకి ఎక్కి, పరదా దించి, పుస్తకం తెరిచి అక్కడ తినేదాన్ని. మా అమ్మ ఇచ్చిన సున్నుండల డబ్బా కూడా ఆ సీటు కిందే పెట్టాను. బెల్లం, నెయ్యి, మినప్పిండి. ఎలుగుబంటికి పిలుపు కార్డు పంపాలంటే ఇంతకంటే మంచి సామాను దొరకదు.

వారం తిరక్కముందే ఒక తెల్లవారుజామున లేచి చూస్తే జీపు కాన్వాసు టాపు వెనకవైపు నిలువునా చీలి ఉంది. సీటు బయట పడి ఉంది. దాని కొబ్బరిపీచు గాలికి చెదిరి కాలువ దాకా పోయింది. డబ్బా మాత్రం నర్సమ్మ తోమిన దానికంటే శుభ్రంగా ఉంది.

ఖాసిం సాబ్ డబ్బాను ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింత నెయ్యి ఏస్తె గుట్టమీద దేవుండ్లు గూడ దిగొస్తరమ్మా. గుడ్డెలుగుది ఏం తప్పు," అన్నాడు.

నేను భూమిలోకి కుంగిపోయాను. ఆయన దాన్ని అక్కడితో వదిలేశాడు. మస్కి నుంచి దర్జీని తెచ్చి టాపు కుట్టించాడు. పాటీల్ గారికి కబురు వెళ్లింది. తిరిగి వచ్చిన మాట చాలా చిన్నది. ఇంకొక్కసారి జరిగితే క్యాంపు ఉండదు.

మా ముగ్గురి తెలివి

ఆ రోజు నుంచి జీపును కాపాడటమే మా అసలు ఉద్యోగం అయింది. మట్టి పని మధ్య మధ్య చేసేవాళ్లం.

ముందు తిండి బయటికి తీశాం. నా తిండి మాత్రమే ఉందనుకున్నాను. ఖాసిం సాబ్ టూల్‌బాక్సులోంచి పాత వేరుశనగలు, ఎండిన ఖర్జూరాలు, ఎప్పటిదో సగం తిన్న బిస్కట్టు పొట్లం బయటపడ్డాయి. ఆయన వాటిని ఎవరో పెట్టినట్టు ఆశ్చర్యంగా చూశాడు. అన్నీ మూటగట్టి దూరంగా ఉన్న తూము గేటు గదిలో పెట్టాం. ఆ గదికి ఇనప తలుపు ఉండేది.

ఇక కాపలా ఏర్పాట్లలో ఎవరి పద్ధతి వారిది. ఖాసిం సాబ్ ఖాళీ కిరసనాయిలు డబ్బాలు తాడుకు కట్టి జీపు చుట్టూ వేలాడదీశాడు. చప్పుడుకు పారిపోతుందని ఆయన లెక్క. గుట్ట మీంచి గాలి వీచినప్పుడల్లా అవి మోగేవి, మేము ముగ్గురం లేచి కూర్చునేవాళ్లం. నర్సమ్మ తుమ్మకంప నరికి తెచ్చి జీపు చుట్టూ దడి కట్టింది. పొద్దున్నే దాన్ని తీసి, సాయంత్రం మళ్లీ వేసేది. దాని ముళ్లు దిగి మా జీపుకు వరసగా పంక్చర్లు పడ్డాయి.

నాది పుస్తకాల తెలివి. కారం వాసన అడవి జంతువులకు పడదని ఎక్కడో చదివాను. ఎండుమిరపకాయలు నూరించి, తలుపులకు అంటుకుని ఉండటానికి అందులో నూనె కలిపాను. ఆ ఊళ్లో దొరికేది వేరుశనగ నూనె. టూల్‌బాక్సులోంచి గుప్పెడు పల్లీలు తీయించి, బండికంతా పల్లీ నూనె పూయించిన మనిషిని నేను. ఆ తెలివికి మొదట చిక్కింది ఎలుగుబంటి కాదు. మర్నాడు పొద్దున ఖాసిం సాబ్ తలుపు తీసి, నిద్రమత్తులో కళ్లు నలుపుకున్నాడు. కాలువలో తల ముంచి చాలాసేపు ఉన్నాడు. పైకి లేచాక, "అమ్మా, ఎలుగొస్తె కన్ను పీకుతది. నువ్వు రెండు పీకినవ్," అన్నాడు. తలుపులన్నీ ఆయనే బూడిదతో తోమి కడిగాడు.

ఈ హడావుడిలోనూ నా పుట్టమన్ను పని మాత్రం బాగా సాగింది. గుట్ట కింద పుట్టలు తవ్వించి, పెద్ద పెద్ద గడ్డలు తీయించి, తేమ పోకుండా తడి గోనెల్లో చుట్టి, జీపు వెనక పేర్పించేదాన్ని. నమూనాలు ఎప్పుడూ బండిలోనే ఉండాలని పాటీల్ గారి కట్టడి. రాయచూరు పోయే రోజు వచ్చేదాకా అవి అక్కడే ఉండేవి. సీసాలు కడిగిన చేతులతో సొంత నమూనాలు పేర్చుకుంటున్నానని నాకు ఎంత గర్వమో ఆనాటి డైరీ చూస్తే తెలుస్తుంది. సూర్యాస్తమయాల మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. పుట్ట తవ్వినప్పుడు బిలబిల బయటికొచ్చిన చెదపురుగుల గురించి ఒక్క ముక్క లేదు.

హారను ఎక్కడుంది

రెండోసారి ఎలుగుబంటి పొద్దుగూకే వేళ వచ్చింది. మేము ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నాం. నర్సమ్మ జొన్నరొట్టెలు కాలుస్తోంది. డబ్బాలు గలగలమన్నాయి. గాలి అనుకుని ఎవరూ తల తిప్పలేదు. మళ్లీ మోగాయి. తిరిగి చూస్తే తుమ్మకంప పక్కకు తోసి ఉంది. కొత్తగా కుట్టించిన టాపు మళ్లీ చీలింది. జీపులోంచి నల్లటి బొచ్చు వీపు ఒకటి కనిపిస్తోంది.

ఆ చప్పుడు నేను మరిచిపోలేదు. కొలిమి తిత్తి ఊదినట్టు ఒక ఊదు, వెంటనే గట్టిగా ఒక జుర్రు. మళ్లీ ఊదు, మళ్లీ జుర్రు. దానికి తొందర లేదు.

ఖాసిం సాబ్ గొంతు తగ్గించి, "హారను కొడ్తె ఉరుకుతది," అన్నాడు.

"మరి కొట్టు," అంది నర్సమ్మ.

"హారను బండిల ఉంది."

ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. చివరికి నర్సమ్మ రొట్టెల పెనం తీసుకుని పళ్లెంతో బాదడం మొదలుపెట్టింది. నేను అరవాలి కదా అని నోరు తెరిచాను. గొంతులోంచి వచ్చిందాన్ని అరుపు అనలేం. "ఏమండీ" అన్నానని నర్సమ్మ తరవాత ఊరంతా చెప్పింది. మర్యాదగా పిలిచినందుకో, పని అయిపోయినందుకో, ఎలుగుబంటి జీపు దిగి గుట్ట ఎక్కేసింది.

లాంతరు పట్టుకుని వెళ్లి చూశాం. జీపులో తినే వస్తువు గోరంత లేదు. నల్లరేగడి సంచులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. చౌడు మట్టి సంచులు ముట్టలేదు. చిరిగినవి పుట్టమన్ను గోనెలు మాత్రమే. గడ్డలన్నీ పగిలి సీటు నిండా పొడి. ఒక గడ్డ సగం మిగిలితే చేతిలోకి తీసుకున్నాను. చిల్లుల్లోంచి తెల్లటి చెదపురుగులు నా మణికట్టు మీదికి పాకాయి.

ఎలుగుబంటి గుట్టల్లో ఇష్టంగా తినేది చెదలే. కష్టపడి పుట్ట తవ్వి ఊది పీల్చుకుంటుంది. నేను ఆ తవ్వే కష్టం కూలీల చేత చేయించి, పురుగు చావకుండా తడిగుడ్డ చుట్టి, సర్కారు బండిలో పేర్చి, రోజూ దాని గుమ్మం ముందు నిలుపుతున్నాను. మట్టి నమూనాలను ముందు పరచి ఆరబెట్టాలని మా పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంది. తేమ కొలవాలంటే తడిగా దాచాలని పన్నెండో అధ్యాయంలో ఉంది. నేను పన్నెండో అధ్యాయం మనిషిని.

సంగతి ఇద్దరికీ చెప్పాను. ఖాసిం సాబ్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. నర్సమ్మకు మాత్రం తన దడి మీద మాట పడటం ఇష్టం లేదు. "తుమ్మకంప ఏసినంక మేక ఒక్కటన్న వచ్చిందా చెప్పుండ్రి," అంది.

పాటీల్ గారి జీపు

కబురు అంది, మర్నాడు మధ్యాహ్నం పాటీల్ గారు తన జీపులో, తానే నడుపుకుంటూ వచ్చారు. చీలిన టాపు చుట్టూ ఒకసారి తిరిగారు. గుడారాలు విప్పమన్నారు. డ్రైవరు బండిలో తిండి పెట్టాడని ఆయన తీర్మానం. ఖాసిం సాబ్ ఆయన వైపు చూసి, నా వైపు చూశాడు.

ఉత్తరం రాయడానికి టైము లేదు. రాసినా తెచ్చి ఇచ్చే ప్యూను లేడు. ఆయన ముందుకెళ్లి నిలబడి, నా జీవితంలో మొదటిసారి ఒక అధికారికి ఎదురు చెప్పాను.

"సార్, బండిలో తిండి లేదు. అది నా పుట్టమన్ను కోసం వచ్చిందండి. అందులో చెదలున్నాయి. ఈ ఒక్క సాయంత్రం ఉండి చూడండి. తప్పయితే రేపు పొద్దున నేనే గుడారం విప్పుతాను."

నాకు నోరుందన్న సంగతి పాటీల్ గారికీ అప్పుడే తెలిసినట్టుంది. "ఆయ్తు," అన్నారు. సరేనని.

ఆ సాయంత్రం మా జీపును పూర్తిగా ఖాళీ చేశాం. నేను తల లోపల పెట్టి ప్రతి మూలా వాసన చూశాను. అదే మొదటిసారి. సీటు బయట పెట్టి, పరదాలు పైకి కట్టి, తలుపులు తెరిచి ఉంచమన్నాను. మూసిన బండినే అది చీలుస్తుంది, తెరిచి ఉంటే చూసి పోతుందని నా ఊహ. డబ్బాలు, దడి తీసేశాం. మిగిలిన పుట్టమన్ను గడ్డలను దూరంగా ఒక బండమీద పెట్టించాను. అందరం తూము గేటు గదిలోకి పోయి ఇనప తలుపు వేసుకుని, కిటికీ ఊచల్లోంచి చూస్తూ కూర్చున్నాం.

ఇక్కడ ఒక మాట. ఈ పని మీరు చెయ్యకండి. ఎలుగుబంటికి విందు పెట్టి చూడటం శాస్త్రం కాదు. మర్నాడు ఆ దారిన గొర్రెలతో ఎవరైనా పోతే వాళ్ల గతి ఏమిటని నేను ఆలోచించలేదు. సీసాల దగ్గరికి పోకూడదన్న ఒక్క ఆలోచనే ఉంది నాకు.

ఎండ పూర్తిగా దిగకముందే అది వచ్చింది. తెరిచిన మా జీపు దగ్గర ఆగింది. ముక్కు లోపల పెట్టింది. ఈ కడ నుంచి ఆ కడకు వాసన చూసింది. అది వెనక్కి తగ్గి, బండమీది గడ్డల దగ్గరికి నడిచింది. ఊదింది, జుర్రింది. పాటీల్ గారు ఊపిరి వదిలి, నువ్వు చెప్పింది నిజమేనమ్మా అన్నారు.

నేను ఇంకా ఆ మాట పూర్తిగా వినకముందే ఎలుగుబంటి గడ్డలు ముగించి తల ఎత్తింది. గాలి వాసన పట్టింది. తిన్నగా పాటీల్ గారి జీపు దగ్గరికి పోయింది. అది కొత్త బండి. పరదాలన్నీ దించి, గుండీలు పెట్టి, తాళ్లు బిగించి ఉంది. ఎలుగుబంటి విప్పే ప్రయత్నం ఏదీ చెయ్యలేదు.

"సార్, లోపల ఏమైనా ఉందాండి?" అన్నాను.

ఆయన తన బండికేసే చూస్తూ, "పేడాలు," అన్నారు. సింధనూరులో ఎవరింటికో పెళ్లికి ధార్వాడ పేడాలు, అంటే ఆ ఊరి పాలకోవాలు, తీసుకువెళుతున్నారు. పెద్ద పెట్టె.

టాపు చిరిగే చప్పుడు, అట్టపెట్టె నలిగే చప్పుడు, ఆ పైన సంతోషంగా జుర్రే చప్పుడు అన్నీ విన్నాం. అది గుట్ట ఎక్కి కనుమరుగయ్యాక తలుపు తీసుకుని బయటికొచ్చాం. పాటీల్ గారు తన బండి చుట్టూ తిరిగారు. మధ్యాహ్నం మా బండి చుట్టూ తిరిగినంత వేగంగా కాదు.

ఖాసిం సాబ్ చేతులు కట్టుకుని, చాలా వినయంగా, "సార్, బండి చిరిగితె క్యాంపు ఎత్తేస్తనన్నరు గద. అది మా బండికేనా, అన్ని బండ్లకా?" అని అడిగాడు.

పాటీల్ గారు గుడారం ముందు కూర్చుని నర్సమ్మ కాల్చిన జొన్నరొట్టెలు మాతో కలిసి తిన్నారు. ఆ రాత్రి నేనూ అక్కడే, అందరి ముందూ కూర్చుని తిన్నాను. జీపులో తినే ధైర్యం ఇక లేదు. పొద్దున వెళ్లేటప్పుడు ఆయన ఒక్కటే అన్నారు. "ముందు మట్టి ఆరబెట్టు. తరవాత బండిలో పెట్టు." క్యాంపు ఊసు ఎత్తలేదు. తన జీపు టాపు గాలివానకు చిరిగిందని రాయించారట. ఆ ఏడాది మా తాలూకాల్లో గాలివాన పడలేదు.

ఆయన మంచి అధికారి అని ఇప్పటికీ అంటాను. కళ్లతో చూశాక మాట మార్చుకున్నారు. పేడాలు పోయాకే మార్చుకున్నారని మీరు అనవచ్చు. నేను చూసిన పై అధికారుల్లో చాలామంది పేడాలు పోయినా మార్చుకోలేదు.

మిగిలింది

పుట్టమన్ను మళ్లీ తవ్వించి, ఎండలో పరచి, పురుగు వెళ్లిపోయాక సంచుల్లో కట్టాను. చౌడుకు అది పనికొస్తుందా అంటే, కొన్ని మడుల్లో వచ్చింది, కొన్నింటిలో రాలేదు. మా నాన్నకు ఈ జవాబు నచ్చలేదు. ఇంత చదివించింది ఇందుకా అన్నాడు. ఆ సీజను తరవాత ఇంకో సీజను ఇచ్చారు, ఆ తరవాత ఆడదాన్ని పొలానికి పంపడమేమిటని ఎవరూ అడగలేదు. దేవదుర్గ గుట్టల్లో, కృష్ణ ఒడ్డున ఎన్నో క్యాంపులు వేశాను. మళ్లీ సీసాలు కడగలేదు.

బండి సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. తిండి, నూనె, తడి మట్టి ఏదీ లోపల ఉంచకండి. ఖాళీ చేసి తెరిచి ఉంచండి. మీరు దూరంగా, గట్టి తలుపు వెనక పడుకోండి. పుస్తకంలో ఉన్నది చెయ్యాలంటే మొదటి అధ్యాయం నుంచి చెయ్యండి.

నా ఆఖరి రోజున ఆఫీసులో అందరికీ భోజనాలు పెట్టారు. దండలు వేశారు. నన్ను ఇంటి దగ్గర దింపడానికి జీపు తెచ్చి వాకిట్లో ఆపారు. నేను ఎక్కబోతుంటే డ్రైవరు నన్ను ఆపి, వెనక తలుపు తీసి, పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ అందరూ నవ్వు బిగబట్టి చూస్తున్నారు. నాకు చాలా సిగ్గేసింది. అయినా దండలు పట్టుకుని, వంగి, తల లోపల పెట్టాను.

సీటు కింద ఎవరో భోజనాల్లో మిగిలిన లడ్డూలు దాచారు.

"తియ్యండి," అన్నాను.